స్తంభం వెనక సీట్లు

మా తోడికోడలూ నేనూ డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఒకే వీధిలో ఉంటాం. నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. మా ఇద్దరికీ ఇష్టమైన గాయని డల్లాస్ వస్తోందని తెలిసిన రోజే ఆవిడ రెండో వరసలో టికెట్లు కొనేసింది. నేను ఆఫీసు మీటింగులోంచి బయటపడి చూసేసరికి అన్నీ అయిపోయాయి. ఆవిడ ముందు వరసల్లో కూర్చుంటే నేను ఇంట్లో కూర్చోవడమా? కొన్న టికెట్లు మళ్లీ అమ్మే రీసేల్ సైట్‌లో వెతికాను. స్టేజికి దగ్గర, అడ్డేమీ ఉండదని రాసిన సీట్లు రెండు కనిపిస్తే, మా ఆయనకైనా చెప్పకుండా కొన్నాను.

తీరా వెళ్తే ఎదురుగా లావుపాటి స్తంభం. గాయని కుడివైపు నడిస్తే కనిపించేది, ఎడమకి వస్తే మాయం.

"స్క్రీన్ ఉందిగా, అందులో చూడు" అన్నారు మా ఆయన.

నేను స్క్రీన్ చూడలేదు. స్తంభం పక్కనుంచి మెడ సాచి, కింద అక్క కట్టుకున్న ఆకుపచ్చ పట్టుచీరనే చూస్తూ కూర్చున్నాను. గాయని వంగి ముందు వరసల వాళ్లకి చెయ్యి అందించింది. అక్కకీ అందింది. ఆ తర్వాత ఏ పాట పాడిందో నాకు గుర్తు లేదు.

మర్నాడు ఆ సైట్ వాళ్లని రిఫండ్ అడిగాను. స్తంభం అడ్డున్నట్టు ఫోటో పంపమన్నారు. నా ఫోన్‌లో ఉన్నవన్నీ జూమ్ చేసి తీసిన అక్క ఫోటోలే. ఒక్కదాంట్లోనూ స్తంభం పడలేదు. ఆధారం లేకపోతే కుదరదన్నారు.

మా ఆయన నోట విషయం విని అక్కే ఫోన్ చేసింది.

"నా వీడియోలో నువ్వు కూడా పడ్డావే. పంపనా?"

"వద్దులే అక్కా, పోతే పోయింది."

"పోనిస్తావేంటి? అబద్ధం రాసి అమ్మారు వాళ్లు. మళ్లీ క్లెయిమ్ ఫైల్ చెయ్యి."

అక్క పంపనే పంపింది. వీడియో తెరిచాను. ఇంటర్వెల్‌లో కెమెరా వెనక్కి తిప్పింది. స్తంభం, దాని పక్కనుంచి బయటికొచ్చిన నా సగం మొహం. "అదుగో మా చెల్లి! పాపం, దానికేం కనబడట్లేదు. ముందే అడగాల్సింది, దానికీ నేనే బుక్ చేసేదాన్ని" అంటోంది పక్కావిడతో.

ఆ వీడియో పంపాక వాళ్లు మారుమాట లేకుండా డబ్బు వెనక్కి ఇచ్చారు. అక్కకి థాంక్స్ చెప్పాను. ఆవిడ మంచిదే, కాదనను. ఆ మంచితనం కూడా ఆవిడకే దక్కాలా అని మాత్రం అనిపించింది. ఆ వారం ఇంటికొచ్చిన స్నేహితులతో మా ఆయన "అంతా మా వదిన చలవే" అని చెబుతుంటే, టీ పెట్టాలంటూ లేచి లోపలికి వెళ్లిపోయాను.