నాయన కొట్టే మూడు చుక్కలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ పని నేరమని నాయన కంటే ఒకరోజు ముందే నాకు తెలుసు.

సౌదీలోని తబూక్‌లో మా నాయన లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. షాపు మాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌ది, పనితనం నాయనది. తోటల నుంచి అరిగిపోయిన పంపు షాఫ్టులు వస్తుంటాయి. చేసిచ్చిన ప్రతి వస్తువు మీదా ఒక మూలన పంచ్‌తో మూడు చుక్కలు కొడతాడు. కడపలో ఆయనకు పని నేర్పిన మేస్త్రి అలవాటు అది. ఆ చుక్కలు చూస్తే చుట్టుపక్కల షాపుల్లో ఎవరైనా మా నాయన పేరే చెబుతారు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ చెప్పాడు, కఫీల్ కొడుకు తన వేట తుపాకీ మ్యాగజైన్ తెచ్చాడని. తూటాలు పెట్టే డబ్బా. అందులో ఇంకా ఎక్కువ తూటాలు పట్టేటట్టు మార్చాలట.

"తుపాకుల పని మనకెందుకు?" అంది అమ్మ.

"తుపాకీ యాడుంది? ఉత్త రేకు డబ్బా. షాఫ్టులు చేసేటోనికి అదొక పనా?"

"కుక్కరు పిడి ఊడి మూడు నెల్లాయ. దానికి పొద్దు దొరకల్యా. కఫీలు కొడుకు డబ్బాకు మటుకు దొరికె."

నాయన నవ్వాడు. నేను నా గదిలోకి వెళ్లి ఫోన్‌లో వెతికాను. ఇంట్లో అరబ్బీ కాగితాలన్నీ చదివేది నేనే. తుపాకీ ఒక్కటే కాదు, దాని భాగాలు కూడా ఆయుధాల చట్టం కిందికే వస్తాయని ఉంది. లైసెన్సు లేకుండా వాటిని చేసినా, మార్చినా జైలు. జైలుకు పోయిన పరాయి దేశపువాడి ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఏమవుతుందో చదివి తెలుసుకోనక్కర్లేదు. డైరీలో రెండు పేజీలు రాశాను. నోటితో ఒక్క మాట చెప్పలేదు.

పొద్దున చెప్పాలనుకున్నాను. కఫీల్ కొడుకే కారులో వచ్చి గేటు ముందు హారన్ కొడుతున్నాడు. నాయన చెప్పులేసుకుంటూ తలెత్తాడు.

"ఏం మా, ఏందో చెప్పాలని నిలబడినావు?"

బయటి మనిషి వింటాడేమోనని ఆగిపోయాను. అతనికి తెలుగు రాదన్న సంగతి కూడా ఆ క్షణాన తోచలేదు.

"ఏం ల్యా నాయనా."

సాయంత్రం నాయన ఖర్జూరాల పెట్టెతో వచ్చాడు. పని బాగా కుదిరిందని కఫీల్ కొడుకు భుజం తట్టాడట. అప్పుడు ఆ చట్టం చదివి వినిపించాను, ఆ రోజే తెలిసినట్టు. నాయన నోట్లో ఖర్జూరం అలాగే ఉండిపోయింది.

"చుక్కలు కొట్టినావా?" అని అడిగాను.

"కొట్టకుండా ఎట్ల ఇస్తా?" అన్నాక, తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

మరునాడు ఆ డబ్బా తిరిగిమ్మని అడిగాడు. కఫీల్ కొడుకు నవ్వి, "భయపడకు, నేనున్నాను కదా" అన్నాడట. నాయన పంచ్‌ను ఇంటికి తెచ్చి అలమరలో పెట్టాడు. ఆ తర్వాత చేసిన షాఫ్టుల మీద చుక్కల్లేవు. "మీ చుక్కలేవీ?" అని తోటల వాళ్లు అడిగారట. ఆ గుర్తు అందరికీ అంతగా తెలుసని నాకింకా భయం వేసింది.

రెండు వారాలు గడిచాయి. శుక్రవారం నమాజు నుంచి వచ్చి నాయన కుక్కరు పిడి బిగిస్తున్నాడు. ఫోన్ మోగితే స్పీకర్లో పెట్టాడు. కఫీల్ కొడుకు. ఎడారి దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసులు కారు ఆపారట. ఆ డబ్బా వాళ్ల చేతికి పోయిందట. ఎవరు మార్చారని అడుగుతున్నారట, షాపు దగ్గరికి వస్తున్నారట. నాయన "సరే" అని ఒక్కమాట అని ఫోన్ పెట్టేశాడు. స్క్రూ చివరిదాకా తిప్పి, పిడి లాగి చూసి, కుక్కరు అమ్మకిచ్చాడు. షాపుకు పోయొస్తానన్నాడు.

వాకిలి దాకా వెంట వెళ్లాను. ముందే తెలుసు నాయనా అని చెప్పేద్దామనుకున్నాను. ఇకామా జేబులో ఉందో లేదో తడుముకుని, నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఎవురన్నా వచ్చి అడిగితే, నీకేం తెల్దు. సరేనా మా? నీకేం తెల్దు."