మైకులో దేవ్లా గొంతు

దేవ్లా చివరగా బాగుచేసింది ఒక కుక్కర్‌ని. చర్ల రోడ్డు మీద ఒక ఊళ్లో, ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఎండిపోయిన రబ్బరు పీకి కొత్తది వేశాడు. అంతటితో లేవలేదు. నీళ్లు పోయించి, పొయ్యి మీద పెట్టించి, ఈల వచ్చేదాకా అక్కడే కూర్చున్నాడు.

"నువ్వు పోరాదే అన్నా, నేను చూసుకుంట" అంది ఆ ఇంటావిడ.

"ఇది కూసినంకనే పోత చెల్లే. లేకుంటే రేపటి సంది నువ్వు కూస్తవ్" అన్నాడట.

ఈల వచ్చింది. సామాన్ల డబ్బా మోపెడ్‌కు కట్టుకుని, మైకు ఆన్ చేసుకుని బయలుదేరాడు. ఊరు దాటాక మలుపులో ఇసుక లారీ ఎదురొచ్చింది. దేవ్లా అక్కడికక్కడే పోయాడు. మోపెడ్ నుజ్జయింది. మైకూ, అందులోని మెమరీ కార్డూ లారీ చక్రాల కింద పడ్డాయి.

తమ్ముడు చందూలాల్‌కు ఈ సంగతులన్నీ ఆ ఇంటావిడే చెప్పింది. అన్న ఆ దారికి ఎందుకు వెళ్లాడని మాత్రం అతను ఆమెను అడగలేదు. అది అతనికి తెలుసు.

అన్నదమ్ములిద్దరూ భద్రాచలం దగ్గరి ఒక లంబాడీ తండాలో పుట్టినవాళ్లు. దేవ్లా ఖమ్మంలో ఒక రిపేరు షాపులో పని నేర్చుకుని, మిక్సీలు, గ్యాస్ స్టవ్‌లు, కుక్కర్లు బాగుచేస్తూ అడవి ఊళ్లు తిరిగేవాడు. చందూలాల్ భద్రాచలం బస్టాండ్ వెనక సందులో మొబైల్ షాపు పెట్టాడు. రీచార్జీలు, స్క్రీన్ గ్లాసులు, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం. ఊళ్లల్లో అరిచి అరిచి అన్న గొంతు బొంగురుపోవడం చూసి, "గిట్లెన్ని రోజులు ఒర్లుతవే? ఒక్కసారి రికార్డు చేద్దాం, జిందగీ మొత్తం అదే ఒర్లుతది" అన్నాడు.

బస్సుల హారన్లు వినపడకుండా షట్టరు సగం దించి రికార్డు చేశారు. దేవ్లా కాగితం పట్టుకోలేదు. నోటికొచ్చినట్టు అందుకున్నాడు.

"అమ్మా, అక్కా, వదినా! మిక్సీ మూలుగుతున్నదా? స్టవ్వు అలిగి కూసున్నదా? కుక్కరు ఈల వెయ్యనంటున్నదా? పారెయ్యకుర్రి! పాతసామాను బండోనికి ఎయ్యకుర్రి! నేనున్న, నేనొచ్చిన!"

చివరి మాటను పైకి ఎత్తి, అడవిలో పడేసినట్టు వదిలేవాడు. వాళ్ల యాడి, అంటే తల్లి, మేకల్ని ఇంటికి పిలిచే పిలుపు అది. ఊళ్లల్లో పిల్లలు మోపెడ్ వెనక పరుగెత్తుతూ "నేనొచ్చిన" అని అరిచేవాళ్లు. దేవ్లా పేరు తెలియనివాళ్లు కూడా అతన్ని 'నేనొచ్చినాయన' అనేవాళ్లు.

రెండేళ్లు తిరక్కుండానే ఆ గొంతు మిగతా రిపేరువాళ్ల మైకుల్లోనూ వినపడసాగింది. బూర్గంపాడు వైపు ఒకడు, దుమ్ముగూడెం వైపు ఇంకొకడు, చర్ల రోడ్డు మీద కోటేష్. చందూలాల్ మొదట నవ్వుకున్నాడు. నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. దుమ్ముగూడెం వైపు తిరిగేవాడు ఒకావిడ మిక్సీ పాడుచేసి పోతే, ఆమె భద్రాచలం సంతలో దేవ్లా చొక్కా పట్టుకుంది. "నీ గొంతు నేను గుర్తుపట్టనా? మిక్సీ పిల్లగానితోటి పంపిన గని, ఇంట్ల ఉండి మైకు ఇన్న" అంది. దేవ్లా ఆమె ఇంటికి వెళ్లి, చెడగొట్టింది తను కాకపోయినా ఊరికే బాగుచేసి వచ్చాడు.

చందూలాల్‌కు ఒళ్లు మండింది. ఖమ్మం కోర్టులో జూనియర్ వకీలుగా ఉన్న శ్రీధర్ ఊరికి వచ్చినప్పుడల్లా అతని షాపులో కూర్చునేవాడు. అతన్ని అడిగాడు.

"మాటలు మీ అన్నవి, గొంతు మీ అన్నది. ఎక్కడా రిజిస్టర్ చెయ్యకున్నా హక్కు ఆయనదే. ఆయన ఒప్పుకోకుంటే ఎవడూ వాడుకోరాదు. కాపీరైట్ అంటే అదే" అన్నాడు శ్రీధర్.

చందూలాల్ ఆ మాటను తన అన్న దగ్గరికి తీసుకెళ్లాడు. దేవ్లా స్టవ్ బర్నర్ తోముతూ తలెత్తలేదు.

"యాడి పిలుపు నేను ఎవలనడిగి తీసుకున్నరా?"

"అది వేరే, ఇది వేరే. వాళ్లు నీ పొట్ట కొడుతున్నరు."

"పనిమంతుడైతే రెండోపారి గూడ వాన్నే పిలుస్తరు. కాకుంటే నా గొంతు పెట్టుకుంటే మాత్రం ఏంది, కుక్కల్ని తోల్తరు. ఊకో చందూ."

చందూలాల్ ఊరుకోలేదు. అన్న మెతకవాడు, అన్న తరఫున గట్టిగా నిలబడేవాడు ఒకడుండాలి అనుకున్నాడు. ఆ వేసవిలో ఒక్కొక్కరినీ వెతికి పట్టుకుని, నోరు తెరవనివ్వకుండా, పోలీసు కేసు అని, కాపీరైట్ అని, లక్షల జరిమానా అని భయపెట్టి, వాళ్ల మెమరీ కార్డుల్లోంచి ఆ గొంతును తన చేతులతోనే తుడిచేశాడు.

కోటేష్ చర్ల బస్టాపులో టీ తాగుతూ దొరికాడు. కోటేష్‌కు నత్తి. ఏదో చెప్పబోయాడు. మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. "అన్నీ కోర్టుల చెప్పు" అని చందూలాల్ మైకులోంచి కార్డు లాగి, తన ఫోన్‌లో పెట్టి డిలీట్ కొట్టి, తిరిగి చేతిలో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కోటేష్ ఆ కార్డును జేబులో వేసుకుని, టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

మిగతా ఇద్దరూ తమ గొంతులతో కొత్తవి రికార్డు చేసుకున్నారు. కోటేష్ ఏం రికార్డు చేసుకుంటాడు? మైకు లేకుండా కొన్నాళ్లు ఇల్లిల్లూ తలుపు కొట్టి చూశాడు. తలుపు తీసినవాళ్లకు ఎందుకొచ్చాడో చెప్పేలోగా తలుపు మూసుకునేది. మోపెడ్ అమ్మేసి, సత్తుపల్లి వెళ్లి, బొగ్గు లారీల మీద క్లీనర్‌గా చేరాడు.

కార్డులు తుడిచిన సంగతి తెలిసిన రోజు దేవ్లా తమ్ముణ్ని తిట్టలేదు. "చేసినవ్ లే" అన్నాడు, అంతే. కోటేష్ సత్తుపల్లి వెళ్లాక వారం తిరక్కుండా చర్ల రోడ్డు ఊళ్లవాళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. తమ దగ్గరికి ఇప్పుడు ఎవరూ రావడం లేదన్నారు. దేవ్లా ఆ ఊళ్లు కూడా తన తిరుగుడులో కలుపుకున్నాడు. అప్పుడు చందూలాల్ గర్వపడ్డాడు. రుక్మిణి వదినతో, "చూసినవా వదినా, పోటీ పోంగనే ఎట్ల పెరిగిందో గిరాకీ" అన్నాడు కూడా.

ఆ వానాకాలం గోదావరి నీళ్లు షాపు సందులోకి వచ్చాయి. చందూలాల్ ఫోన్లూ గ్లాసులూ పైకి మోశాడు. పాత కంప్యూటర్‌ను వదిలేశాడు. అన్న గొంతు అందులో ఉందన్న సంగతి గుర్తొచ్చింది. అన్న మైకులో ఎలాగూ ఉంది కదా అనుకున్నాడు.

చలికాలంలో అన్న పోయాడు.

దినాలయ్యాక రుక్మిణి షాపుకు వచ్చింది. స్టూలు మీద కూర్చోలేదు. "చందూ, ఒక్కపారి మీ అన్న మైకు పెట్టు. పొద్దుగాల సందు మొగదల అరుసుకుంట పోయేటిది... ఒక్కపారి ఇంట" అంది. చందూలాల్ నీళ్లల్లో నాని పాడైపోయిన కంప్యూటర్‌ను చూపించాడు. ఇంట్లో ఉన్న పెళ్లి వీడియోల్లో దేవ్లా ఎక్కడో వెనక నిలబడి నవ్వుతున్నాడు. ఒక్క మాట లేదు.

ఆ రోజు నుంచి చందూలాల్ వెతకడం మొదలుపెట్టాడు. బూర్గంపాడు వాడు "నువ్వే తుడిచినవ్ గదనే" అన్నాడు. దుమ్ముగూడెం వాడు ముఖం మీదే తలుపు వేశాడు. సంతల్లో పాటలు అమ్మేవాళ్లను అడిగాడు. తుడిచినవి తిరిగి తెప్పిస్తారంటే తన ఫోన్ పట్టుకుని ఖమ్మం దాకా వెళ్లి వచ్చాడు. ఎక్కడా లేదు. అందరి దగ్గరా ఉన్నప్పుడు అది దొంగసొత్తు అనిపించింది. అందరి దగ్గరా లేకుండా చేసింది తనే.

చివరికి సత్తుపల్లి వెళ్లాడు. కోటేష్ గని రోడ్డు పక్క హోటల్ ముందు లారీ అద్దం తుడుస్తున్నాడు. చందూలాల్‌ను చూసి దిగి, టీ చెప్పాడు. ఆ కార్డు ఏమైందని అడిగితే, దాచుకున్నాననీ, ఖాళీదే అయినా పారెయ్యబుద్ధి కాలేదనీ చెప్పాడు. జేబులోంచి తీసి ఇచ్చాడు కూడా.

"నీకు గీ గొంతు ఎవలిచ్చిండ్రు కోటేషూ? ఎక్కడ కొన్నవ్?" అన్నాడు చందూలాల్.

కోటేష్ జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. టీ చల్లారింది. కొనలేదన్నాడు. దేవ్లా అన్నే ఒకనాడు దారిలో తనను ఆపి, అట్ల తలుపులు కొట్టుకుంట ఎన్ని రోజులు తిరుగుతవని బండి మీద ఎక్కించుకుని పోయాడన్నాడు. తమ ముగ్గురికీ ఆ గొంతును ఆయనే కార్డుల్లో ఎక్కించి ఇచ్చాడట, చందూలాల్ షాపులోనే, చందూలాల్ కంప్యూటర్ మీదే, అతను అన్నానికి ఇంటికి వెళ్లినప్పుడు.