దర్జీ పెదనాన్న ఇంట్లో చేసిన క్రిస్మస్

మా దర్జీ పెదనాన్నకి పండక్కి ఏదైనా కొన్నారంటే ఒళ్ళు మంట. స్టారు, కేకు, కార్డులు, పిల్లల బట్టలు అన్నీ ఇంట్లోనే తయారు కావాలని నవంబరులోనే పాత క్యాలెండరు వెనక ప్లాను రాసి గోడకి అంటిస్తాడు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. మిగతాదంతా పెద్దమ్మ నెత్తిన పడుతుంది. ఆవిడ కాగితాలు అతికిస్తుంటే, పిండి కలుపుతుంటే, మిషను తొక్కుతుంటే, ఈయన మెడలో టేపు వేసుకుని కుర్చీలోంచి, "ఆ స్టారు ఎడమ కొమ్ము అరంగుళం తగ్గిందే" అని తీర్పు చెబుతాడు. చుట్టాలొస్తే మాత్రం మీసం దువ్వుకుని, "అంతా మన చేత్తో చేసిందే!" అంటాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

కిందటేడు పండగపూట అందరి ముందూ పెద్దమ్మ ఆయన చేతికి ఒక పొట్లం ఇచ్చింది. విప్పితే వంటింటి ఏప్రాను.

"మీకు కొన్నవి గిట్టవు కదండీ, అందుకని నేనే కుట్టాను. కట్టుకుని రండి, సింకునిండా గిన్నెలున్నాయి."

చుట్టాలు పగలబడి నవ్వారు. ఈసారి దొరికిపోయాడనుకున్నాం. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని ఏప్రానుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంచు కుట్టు వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టు. వచ్చే క్రిస్మస్‌కి కట్టుకుంటాలే."