వేరుశనగ నూనె రాసిన షాకబ్జర్లు

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరిన కొత్తలో నేనొక గేరు సైకిలు కొన్నాను. ముందు చక్రానికి రెండు వైపులా షాకబ్జర్లున్న సైకిలు. ఆదివారాలు దానిమీద పెనుకొండ కొండ ఎక్కి దిగాలని నా ఉబలాటం. నాలుగు నెలలు ఎక్కాను. ఆ తర్వాత షిఫ్టులు, పెళ్లి, నడుంనొప్పి అడ్డమొచ్చాయి. సైకిలును ధర్మవరంలో మా ఇంటికి చేర్చి మరచిపోయాను. ఫ్యాక్టరీలో రోజంతా ఊళ్లోవాళ్ల కార్ల బోల్టులు సరిచూసే మనిషిని, సొంత సైకిలుకు ఐదేళ్లు సర్వీసు చేయించలేదు. నా శ్రద్ధంతా జీతమిచ్చే చోటే.

దాన్ని నాయన వాడుకున్నాడు. ఆయనది పట్టుచీరల నేత. ఇంట్లో మగ్గం తీసేశాక ఊరి చివర షెడ్డులో నేస్తున్నాడు. అక్కడికి పోయే దారంతా కంకర తేలి ఉంటుంది. నాలాగా వస్తువును గాలికొదిలేసే రకం కాదాయన. ఆయుధ పూజ నాడు మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, చెక్కకు చెక్క ఒరుసుకునే చోటల్లా నూనె రాస్తాడు. సైకిలుకూ అదే మర్యాద చేశాడు. మెరిసే షాకబ్జర్ గొట్టాలకు పసుపు పెట్టి, గానుగ నుంచి తెచ్చిన వేరుశనగ నూనె పట్టించాడు. పండగతో ఆపకుండా నెలనెలా పట్టించాడు. ఆ నూనె జిగురై, దారిలో దుమ్మంతా పట్టుకుని, షాకబ్జర్లు ఇంచు కూడా కదలకుండా బిగుసుకుపోయాయి.

మొన్న శివరాత్రికి ఇంటికి పోతే నాయన దిగులుగా కనిపించాడు. చీర అంచులో రెండు పోగులు తెగి ఉన్నాయని షావుకారి వెనక్కి పంపాడట. ఆయన నేసిన చీర తిరిగి రావడం నేనెరిగి అదే మొదటిసారి.

"చేతులు తిమ్మిరెక్కుతాండాయిరా" అన్నాడు. "అంతా ఆ సైకిలు వల్లే. గుంతలో పడితే చాలు, భుజాల దాకా జివ్వుమంటాది. షాకబ్జర్లు బాగు చేపిస్తే చేతులూ బాగైతాయి."

తెగిన పోగును వేలికొసతో పసిగట్టడంలోనే ఆయన పనితనమంతా ఉంది. ఆ వేళ్లకు స్పర్శ పోతే మగ్గం దిగాల్సిందే. నాకు భయం వేసింది. డాక్టరు మాటెత్తితే కసురుకున్నాడు. తప్పు సైకిలుమీద వేయడం నాకూ హాయిగానే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మరునాడు షాకబ్జర్లుండే ముందు ఫోర్కును సైకిలు నుంచి విప్పి, పాత పంచెలో చుట్టుకుని ఇద్దరం హిందూపురం బస్సెక్కాం. అక్కడ మోటారుసైకిళ్ల షాకబ్జర్లు బాగుచేసే ఒక భాయ్ ఉన్నాడు. పంచె విప్పగానే ఆయన ముక్కెగబీల్చాడు.

"ఏందప్పా ఇది, చెనక్కాయల నూనె వాసనొస్తాండాది?"

"మంచి నూనే భాయ్, గానుగది" అన్నాడు నాయన.

"మంచిదే పెద్దాయనా. దోసెలకి."

నేను నవ్వాను, నాయన కూడా నవ్వాడు. భాయ్ ఫోర్కును విప్పి, పెట్రోలుతో కడిగి, గొట్టాలను గుడ్డతో తుడిచాడు.

"సర్వీసు చెయ్యల్నా వద్దా అనేది ఈ గొట్టమే చెప్తాది. నున్నగుంటే రబ్బరు సీళ్లు మార్చి కొత్త ఆయిలు పోస్తా. గీత పడింటే ఎన్ని సీళ్లేసినా కారిపోతాది. పారేసి వేరేది తెచ్చుకోవాల."

"ఇట్లియ్యి. నాకంటే బాగా ఎవురికి తెలుస్తాది" అని నాయన చెయ్యి చాపాడు. కళ్లు మూసుకుని, చూపుడువేలితో గొట్టాన్ని పైనుంచి కిందికి, నింపాదిగా, రెండుసార్లు నిమిరాడు.

"పట్టు మాదిరి ఉండాది" అన్నాడు.

తర్వాత నేను నిమిరాను. సగం దూరంలో నా వేలు ఆగింది. గోరు దిగేంత గీత. భాయ్ కూడా వేలు పెట్టి చూశాడు, నా వైపు చూశాడు. నాయన మా ఇద్దరి మాట కోసం ఎదురుచూస్తున్నాడు.

"నున్నగానే ఉండాది. సర్వీసు చెయ్ భాయ్" అన్నాను.

"నీ ఇష్టమప్పా" అని ఆయన ఇంకేమీ అడగకుండా పనిలో పడ్డాడు. సీళ్లు మార్చి, ఆయిలు పోసి, బిగించి ఇచ్చాడు. నొక్కితే దిగింది, వదిలితే లేచింది. ఎన్నాళ్లు లేస్తుందో భాయ్‌కీ నాకూ తెలుసు.

తిరుగు ప్రయాణంలో సోమందేపల్లి దాటేదాకా నాయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"గీత యాడుండాదిరా?" అన్నాడు ఉన్నట్టుండి.

నేను పంచెను ఇంకాస్త దగ్గరికి చుట్టాను.

"మీ ఇద్దరి మొగాలు చూస్తేనే తెలిసె. యాడుండాదో చూపించు."

ఒళ్లో ఉన్న ఫోర్కు మీద పంచె పక్కకు జరిపాను. గొట్టాన్ని కిందికి దిగకుండా పట్టుకుని, ఆయన వేలిని సరిగ్గా గీత మీద పెట్టి పైకీ కిందికీ జరిపాను.

"తెలీలేదు" అన్నాడు. "చీర కూడా ఇట్లే పోయింది. సైకిలుది తప్పు లేదులే" అన్నాడు.

ఆయన గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. ఏడుపొచ్చింది నాకు. రేపు డాక్టరు దగ్గరికి పోదామంటే ఈసారి కసురుకోకుండా సరేనన్నాడు. ఆ వేలిని నేను వదల్లేదు. ఎంత గట్టిగా పట్టుకున్నానో పెనుకొండ దగ్గర గుర్తొచ్చి వదిలితే, కొస తెల్లగా పాలిపోయి ఉంది.

"నొప్పి పుట్టలేదా నాయనా?" అన్నాను.

"పట్టుకున్నావా?" అన్నాడు.