కుచ్చుల గౌను

కడప బజారులో బట్టల దుకాణం మెట్లు ఎక్కానో లేదో, కొత్త గుడ్డల గంజి వాసన తగిలి ఈ వయసులోనూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటాను. బాల్యం అనగానే అందరూ లొట్టలు వేస్తూ చెప్పుకుంటారు గానీ, నాకు ముందు గుర్తొచ్చేది అసహ్యమే.

కమలాపురం దగ్గర మా పల్లెలో క్రిస్మస్ వస్తోందంటే ఇంటింటా ఉడికే బెల్లం పాకం, అత్తిరసాలు కాలే నూనె, గోడలకు కొట్టిన తడి సున్నం, మందిరంలో వేడిచేసి సరిచూసే డప్పులు, వాటన్నిటి మీదా నాయన తల్లి మా జేజి గొంతు, అన్నీ ఒక్కసారే నా మీద పడేవి. మిగతా పిల్లలకు అదే పండగ. నాకు మాత్రం సున్నం వాసన నాలుక మీదే ఉన్నట్టుండేది, డప్పు పక్కటెముకల్లో మోగేది, రాగిసంగటి వేళ్లకు అంటుకుంటే చెయ్యి గోడకు రుద్దేదాన్ని.

"తినే కూటిని గోడకు పూస్తాండాది సూడు, మొండిది!" అనేది జేజి.

రెండో తరగతి చదువుతున్న ఏడు నాయన నాకు గరుకు నెట్టు గుడ్డతో కుట్టిన కుచ్చుల గౌను తెచ్చాడు. తొడగగానే చీమలపుట్టలో కూర్చోబెట్టినట్టయింది. ఏడిస్తే మేనత్తలు నవ్వారు. పండగ బట్టలు పాస్టరు అయ్యగారు నెత్తిన చెయ్యిపెట్టి దీవించేదాకా విప్పకూడదని మా ఇంట్లో పట్టింపు. మందిరంలో పిల్లలు వరుసగా వాక్యం అప్పజెబుతున్నారు. నా వంతు వచ్చేసరికి డప్పులు మొదలయ్యాయి. నేను గౌను చించేసుకుని, సంఘమంతా చూస్తుండగా బనీనుతో బల్ల కింద దూరాను.

దయ్యం పట్టిందని తేల్చారు. పెద్దలు చుట్టూ చేరి, తల మీద జిడ్డు నూనె పోసి, రెండు చెవుల దగ్గరా నిలబడి అరుస్తూ ప్రార్థన చేశారు. చప్పుడు పడక బల్ల కింద దూరిన పిల్ల చెవిలో అరుపులు! ఆ నూనె చేతుల్ని తలుచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ సంఘంలోనే ఉన్న మా టీచరమ్మ, "నా తరగతిలో వద్దప్పా, గొర్రెలెంట పంపియ్యి" అని నాయనకు చెప్పేసింది. నాయన సరేనన్నాడు.

అమ్మ సరేననలేదు. చిరిగిన గౌనును అతికి, లోపల తన నలిగిన నూలు చీర ముక్క వేసి కుట్టింది, బడి బట్టలకూ అంతే చేసింది. సంగటి చేత్తో తినమనడం మాని చెంచా ఇచ్చింది. నేను ఏడవకుండా తిరుగుతుంటే చూసి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోయింది.

"వాకిలి పక్కన కూచోబెట్టమ్మా, గంట కొట్టేముందు బయటికి పంపియ్యి. నూలుగుడ్డకు పొయ్యే దయ్యం యాడన్నా ఉంటాదా?"

టీచరమ్మ మూతి ముడుచుకుంది గానీ ఒప్పుకుంది. నా చదువు అలా నిలబడింది.

ఇప్పుడు మా పల్లెలో సంగటి కెలికే ఇళ్లు తగ్గిపోయాయి, ఆ డప్పులు లేవు, ఇంట్లో ఒంటికి హాయైన నూలు చీర లేదు, అమ్మ లేదు. మొన్న బడి వార్షికోత్సవంలో, వేదిక మీద స్పీకర్ల ముందు చెవులు మూసుకున్న నా మనవరాలి చేతుల్ని టీచరు నవ్వుతూ రెండు పక్కలకూ లాగి పట్టుకుంది. "అలవాటు కావల్ల కదా మేడమ్!" అంది నాతో. ముందు వరుస తల్లులు పిల్ల ఏడుపును ఫోన్లలో వీడియో తీస్తున్నారు. థూ! వేదిక ఎక్కి పిల్లను ఎత్తుకుని గేటు దాటాను.

"అవ్వా, సోమారం గూడా ఈడికే రావల్లనా?" అంది వెక్కుతూ.

"రావల్ల నా తల్లీ," అన్నాను. "నేను గూడా వస్తా."