సిన్నమ్మి పేరులో మొదటి అక్షరం

మా ఆఫీసులో ఎవరైనా పాస్‌వర్డ్ తప్పు కొడితే కంప్యూటర్ టంగుమంటుంది. ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వెంటనే రూతమ్మ గారు గుర్తొస్తారు.

మిషన్ బడిలో లెక్కలు చెప్పడం మానేశాక ఆవిడ కురుపాంలో కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నా మొదటి ఉద్యోగం అక్కడే. లాగిన్ కావడం లేదని ఎవరొచ్చినా "మళ్లీ కొట్టండి" అనేదాన్ని. ఆవిడకది గిట్టేది కాదు. అది గుడ్డెద్దు చేలో పడ్డట్టేనని కసిరేవారు. పెద్దక్షరాల మీట, అదే క్యాప్స్ లాక్, చూడు, మధ్యలో ఖాళీ పడిందేమో చూడు, ఆ తర్వాత అసలా పేరు నమోదు చేసిందెవరో అడుగు అనేవారు.

"తప్పు నీదేనని తెర అంటాది. బేగి నమ్మీకు."

నర్సింగ్ సీటుకు కాలేజీ ఎంచుకునే ఆఖరి రోజున గుమ్మలక్ష్మీపురం పైన కొండ ఊరి నుంచి సిన్నమ్మి వచ్చింది. మంచి మార్కులొచ్చిన పిల్ల. దారిలో ఇంకో నెట్ షాపులో ప్రయత్నించి, కుదరక మా దగ్గరికి చేరింది. రూతమ్మ గారు పేరు అడిగారు, ఆ పిల్ల 'స'తో చెప్పింది, లాగిన్‌లోనూ 'స'తోనే కొట్టింది, తెర తప్పంది. ఆవిడకు వెంటనే అర్థమైంది. పట్నంలో దరఖాస్తు నమోదు చేసినవాడు విన్న పేరును దిద్ది చిన్నమ్మి అని రాసి ఉంటాడు. 'చ'తో కొట్టించారు. పేరు సరిపోయింది. కానీ అప్పటికే తప్పులు ఎక్కువయ్యాయని ఖాతాకు తాళం పడింది, రేపు రమ్మంది తెర. గడువేమో ఆ సాయంత్రమే.

ఆవిడ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి బతిమాలారు. అటువైపు కుర్రాడు మర్యాదగానే, సొంత పేరు తెలియనివాళ్లకు తామేం చేయగలమన్నాడు.

"గుంటకి తన పేరు తెలుసు బాబూ. తెలీంది మీకు," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

సీటు పోయింది. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ పలకలేదు. కొన్నాళ్లకు సిన్నమ్మి సంతకొచ్చి మా గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు.

"అమ్మా, పైయేడుకి నా పేరు మార్సీసుకుంటే సీటిత్తారేటి?"

ఏ చిక్కుకైనా దారి చెప్పే రూతమ్మ గారు తెల్ల కాగితం తీసి, ఆ పిల్ల పేరు 'స'తోనే రాసి ఇంకో అర్జీ మొదలుపెట్టారు. నేను ఇన్నేళ్లుగా లాగిన్లు బాగుచేసే తింటున్నాను. ఎవరిది తెరుచుకోకపోయినా, అసలా పేరు నమోదు చేసిందెవరో ముందు అడుగుతాను.