బోణీ కాని ఆదివారం

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. తాయెత్తు కట్టుకోమంటే మా అమ్మతోనే పోట్లాడినవాణ్ణి. ఇది చదివి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం పోదు.

మైపాడు బీచ్‌లో నాది టీ బంకు. పోయినేడు అక్కడి బస్‌షెల్టర్‌లోకి రమణమ్మ అని ఒకామె చేరింది. మొగుడు పోయాడు. ఉన్న గుడిసెను రొయ్యల గుంటల కోసం పీకేశారట.

రోజూ నేను పొయ్యి వెలిగించగానే వచ్చి నిలబడేది. బోణీ కాకముందే చెయ్యి చాచేవాళ్లు ఎదురైతే ఏ వ్యాపారికి మండదు? తిట్టి తరిమేవాణ్ణి. బోణీ అయ్యాక వస్తే టీ పోసేవాణ్ణి, మరీ అంత చెడ్డవాణ్ణేం కాదు.

ఆ ఆదివారం పొద్దున కూడా వచ్చింది.

"టీ వద్దన్నా. ఒక మాట చెప్పిపోదామని వచ్చినా."

"బోణీ కాకుండానే ఏం మాటలు నీకు? ముందు పో ఆడ్నించి!"

తన దుప్పటి మడిచి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. శనిలా దాపురించిందని గొణుక్కున్నాను.

ఆ తర్వాత జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. నెల్లూరు నుంచి జనం బాగానే దిగారు. నా బంకు దగ్గర ఒక్కరూ ఆగలేదు. "రండన్నా, వేడి టీ" అని గొంతు చించుకున్నా తల తిప్పలేదు. ఒకాయన సరిగ్గా నా ముందు నిలబడి, "ఇది తెరవలేదే" అని పెళ్లాంతో అని వెళ్లిపోయాడు. పాలు రెండుసార్లు పొంగాయి. ముందు ఒళ్లు మండింది, తర్వాత చెమటలు పట్టాయి. పది అడుగుల దూరంలో చేపలు వేయించే వెంకమ్మను కేకేశాను. ఆమె నా వైపే చూస్తూ ఈగలు తోలుకుంటోంది.

ఇదంతా ఆ రమణమ్మ దిష్టే అనుకున్నాను. నాలుగు తిట్టి, దుప్పటి మొహాన కొడదామని వెతుక్కుంటూ పోయాను. మంచి ఉద్దేశంతో పోలేదు, అబద్ధమెందుకు? సరుగుడు తోపు దాటాక కనిపించింది. నడుము లోతు నీళ్లలో ఉంది, ఇంకా లోపలికి నడుస్తోంది. పరుగెత్తి రెక్క పట్టి ఒడ్డుకు ఈడ్చుకొచ్చాను.

ఇసుకలో కూలబడి, దగ్గుతూ, ఆ మాట అప్పుడు చెప్పింది. "బతకబుద్ధి కాలేదన్నా. ఎవురికన్నా చెబితే ఆగిపోతానేమో అనిపించింది. అందుకే నీ కాడికొచ్చినా."

నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది.

చెయ్యెత్తితే ఆటో మాత్రం వెంటనే ఆగింది. పెద్దాసుపత్రిలో చేర్పించాను. ఇప్పుడు మందులు వాడుతోంది, డాక్టరమ్మతో మాట్లాడుతోంది. బతికే ఉంది.

సాయంత్రం వచ్చి, పిలిస్తే పలకవేమని వెంకమ్మను నిలదీశాను.

"నువ్వు ఇయ్యాల రానే లేదు కదన్నా," అంది. "నీ బంకు టార్పాలిన్ పట్టా దించే ఉండింది. పొయ్యి కూడా వెలగలా." బిడ్డల మీద ఒట్టేసింది.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఆ పొద్దున బీచ్ నిండా జనమే. అంతమందిలో నేను కనబడింది రమణమ్మ ఒక్కదానికే.